బ్రేకు మీద కాలు

"కారు చూసుకోవడానికి ఏముందండీ, కుక్కరు చూసుకున్నట్టే! గాస్కెట్ వదులైతే ఇంట్లోనే మార్చుకుంటామా లేదా? విజిల్లో మెతుకు అడ్డుపడితే తీసేసుకుంటామా లేదా? దానికోసం ఎవరైనా మెకానిక్కు దగ్గరికి పరిగెడతారా?" అన్నాడు లైబ్రేరియన్, నేలమీద గోనెసంచి పరుచుకుని కూర్చుని, కారు ముందు చక్రం నట్లు వదులు చేస్తూ.

గేటుకి అవతల నిలబడ్డ పోస్టుమాన్ గారు తల ఊపాడు. రిటైరై మూడేళ్లయినా ఆ వీధికి ఆయన పోస్టుమాన్ గారే. ఉత్తరాలు పంచే పని పోయింది గానీ వార్తలు పంచే పని మాత్రం ఆయన మానుకోలేదు.

ఆదివారం వచ్చిందంటే లైబ్రేరియన్‌కి ఆ పదకొండేళ్ల కారే లోకం. ఇంజను ఆయిల్ మార్చడం, గాలి ఫిల్టరు దులపడం, బ్యాటరీ మొనలకి పట్టిన తెల్లటి పొడి వేణ్ణీళ్లతో కడగడం, అన్నీ ఆ రేకుల షెడ్డులో అతని చేతిమీదుగానే జరగాలి. పక్కనే స్టూలు మీద రిపేరు పుస్తకం తెరిచి ఉండాలి. లైబ్రరీ పుస్తకంలో ఎవరైనా చిన్న గీత గీస్తే ఇంతెత్తున లేచే మనిషి, తన సొంత పుస్తకం నిండా ఎర్ర పెన్సిలు గీతలు గీసుకున్నాడు. నూనె వేలిముద్రల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆవేళ పని ముందు బ్రేకులకి కొత్త ప్యాడ్లు వెయ్యడం. చక్రం ఊడదీసి, వెనకున్న ఇనప పళ్లేన్ని అటూ ఇటూ పట్టుకునే పాత ప్యాడ్లు బయటికి తీసి పోస్టుమాన్ గారికి చూపించాడు. అవి అరిగి అరిగి అట్టముక్కల్లా ఉన్నాయి.

"కొత్తవి మందం కదా, ఊరికే పెడితే పట్టవు. ఇదిగో, ఈ పిస్టన్‌ని లోపలికి నెట్టాలి. అప్పుడు చోటొస్తుంది" అంటూ ఒక క్లాంపు తీశాడు. అది లైబ్రరీలో పాత పుస్తకాలు బైండు చేసేటప్పుడు అట్టలు అతుక్కునేదాకా బిగించి ఉంచే క్లాంపు. దాన్ని పిస్టన్ మీద పెట్టి నెమ్మదిగా మర తిప్పుతుంటే, పిస్టన్ బుద్ధిమంతుడిలా లోపలికి జరిగింది.

"ఆహా! పుస్తకాల క్లాంపుతో బ్రేకులా! మీ బుర్రే బుర్రండీ!" అన్నాడు పోస్టుమాన్ గారు.

ఆ మాట లైబ్రేరియన్‌కి టీ కంటే వేడిగా లోపలికి దిగింది. రెండో చక్రం దగ్గర చేతులు ఇంకా చురుగ్గా ఆడాయి, నోరు అంతకంటే చురుగ్గా ఆడింది. చక్రాలు బిగించి జాకీ దించేసరికి పోస్టుమాన్ గారు గేటు లోపలికే వచ్చేశాడు. తన అల్లుడు ప్రతి చిన్నదానికీ కారుని మెకానిక్ షెడ్డుకి తోలుకెళతాడనీ, ఒకసారి ఇతని దగ్గరికి పంపుతాననీ అన్నాడు. లైబ్రేరియన్ చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, రిపేరు పుస్తకం ఎలా చదవాలో అరగంట సేపు చెప్పాడు.

"టీ చల్లారిపోతోందండీ, మళ్లీ వేడి చెయ్యను" అని భార్య లోపల్నుంచి కేకేసింది.

పుస్తకం మూసి చంకలో పెట్టుకుని అతను లోపలికి వెళ్లిపోయాడు.

*

అతని భార్య లాబ్ టెక్నీషియన్. నడవలేనివాళ్ల ఇళ్లకి వెళ్లి రక్తం శాంపిళ్లు తీసుకురావడం ఆమె పని. పరగడుపున తియ్యాల్సినవి ఉంటాయి గనక ఆరింటికల్లా బయల్దేరాలి. డ్రైవింగ్ నేర్చుకుని ఎనిమిది నెలలైంది. అత్తగారు రోజూ గేటు తెరిచి, రెక్క పట్టుకుని నిలబడి, కోడలు వెళ్లాక మూసేది. "మా డాక్టరమ్మ వెళ్లింది" అని ఆ పూట పాలవాడికో, పక్కింటావిడకో చెప్పేది. డాక్టరు కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు.

సోమవారం పొద్దున లైబ్రేరియన్ గడ్డం గీసుకుంటున్నాడు. కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. రివర్సులో షెడ్డులోంచి వీధిలోకి దిగే వాలు మీదికి వెళ్లిన చప్పుడు కూడా రోజూలాగే వినిపించింది. ఆ తరవాత ఇనప గేటు ధనేల్మంది. తల్లి కేక వినిపించింది.

సగం గడ్డం సబ్బుతో అతను పరిగెత్తుకొచ్చేసరికి, కారు తగిలిన గేటు రెక్క పక్కన ఆవిడ నేలమీద కూర్చుని కుడి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకుని ఉంది. కారు వీధికి అడ్డంగా, ఎదురింటి గోడకి జానెడు దూరంలో ఆగింది. భార్య డ్రైవింగ్ సీట్లోంచి దిగలేక దిగి, అత్తగారి పక్కన కూలబడింది.

"తొక్కానండీ. వాలు దిగుతుండగానే బ్రేకు తొక్కాను. కాలి కింద ఏమీ లేనట్టు కిందికి వెళ్లిపోయింది. మళ్లీ తొక్కాను, మళ్లీ తొక్కాను, అప్పుడు ఆగింది" అంది. అత్తగారి చెయ్యి ఒళ్లోకి తీసుకుని వేళ్లు ఒక్కోటీ కదిపి చూసింది.

పోస్టుమాన్ గారూ, ఇంకో ఇద్దరూ పోగయ్యారు. అడ్డంగా ఉన్న కారుని పక్కకి తీద్దామని అతను ఎక్కి కూర్చుని బ్రేకు తొక్కాడు. పెడల్ గట్టిగా, నిక్కచ్చిగా నిలబడింది. ఏ లోపమూ లేదు.

అప్పుడు తెలిసింది అతనికి.

పిస్టన్‌ని లోపలికి నెట్టాక దానికీ కొత్త ప్యాడుకీ మధ్య ఖాళీ ఉండిపోతుంది. పని అయ్యాక డ్రైవింగ్ సీట్లో కూర్చుని, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి. పిస్టన్ మళ్లీ ముందుకొచ్చి ప్యాడుని తాకుతుంది. అంతే పని. తొక్కకుండా వదిలేస్తే, ఆ తరవాత ఎవరు మొదటిసారి తొక్కినా పెడల్ ఉత్తినే నేలదాకా పోతుంది. ఈ ముక్క పుస్తకంలో డబ్బా కట్టి మరీ వేశారు. దానికింద ఎర్ర పెన్సిలుతో గీత గీసుకున్నది తనే. నిన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉపన్యాసం ఇచ్చాడు గానీ సీట్లో కూర్చోలేదు.

ఇప్పుడు ఆమె తొక్కిన తొక్కుళ్లకే పెడల్ గట్టిపడింది. ఇక ఎవరు చూసినా అందులో ఏ తప్పూ దొరకదు.

"బ్రేకులెలా ఉన్నాయండీ?" పోస్టుమాన్ గారు కిటికీలోంచి తొంగిచూశాడు.

"బాగానే ఉన్నాయి" అన్నాడు లైబ్రేరియన్.

అది అబద్ధం కాదు. ఆ మాట అనేశాక అసలు మాట చెప్పడం ఎంత కష్టమో అతనికి వెంటనే తెలిసొచ్చింది. తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ముందు అది చూద్దాం, ఇంటికొచ్చాక నిదానంగా చెబుదాం అనుకున్నాడు. అప్పుడే పోస్టుమాన్ గారు వెనక్కి తిరిగి మిగతావాళ్లతో, "బ్రేకులు బాగానే ఉన్నాయట. పాపం, ఆవిడ కాలే తడబడినట్టుంది" అన్నాడు. సాయంత్రానికి ఆ వార్త వీధంతా బట్వాడా అయిపోయింది.

*

మణికట్టు ఎముక చిట్లింది. ఆరు వారాల కట్టు వేశారు.

తల్లి కోపగించుకుని ఉంటే లైబ్రేరియన్‌కి తేలిగ్గా ఉండేది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. కోడలు అన్నం కలిపి పెడుతుంటే, "పోనీలే తల్లీ. మనిషన్నాక ఒకసారి కంగారు పడదా? నువ్వేం కావాలని చేశావా?" అంది. కోడలు తల వంచుకుని మరో ముద్ద కలిపింది.

మంగళవారం తమ్ముడు వచ్చాడు. వస్తూ వస్తూ, వద్దన్నా వినకుండా, సందు చివరి షెడ్డు మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చాడు. "ఓసారి చూపిస్తే మనకీ నిశ్చింత కదన్నయ్యా" అన్నాడు. మెకానిక్ సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఎక్కువ మాట్లాడడు. సీట్లో కూర్చుని తొక్కి చూశాడు. గొట్టాలు తడిమాడు. నూనె మట్టం చూశాడు. చక్రం తీసి ప్యాడ్లు చూసి, "కొత్తవి. ఎవరు వేశారు?" అన్నాడు.

"మా అన్నయ్యే" అన్నాడు తమ్ముడు గర్వంగా.

"చక్కగా వేశారు సార్. మా కుర్రాళ్లు కూడా ఇంత నీటుగా వెయ్యరు." మెకానిక్ లేచి నిలబడి చేతులు దులుపుకుంటూ, మామూలుగా అడిగాడు. "వేశాక పెడల్ కొట్టారు కదా?"

భార్య గుమ్మంలో నిలబడి ఉంది. తడి చేతులు చీర కొంగుతో తుడుచుకుంటోంది. ఆమె చూపు మెకానిక్ మీద ఉంది గానీ తన మీద లేదు. ఆ ప్రశ్న ఆమెకి అర్థం కాలేదని అతనికి తెలుస్తూనే ఉంది. ఒక్క మాట చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"కొట్టాను" అన్నాడు.

"అయితే బండిలో ఏం లేదు సార్" అని మెకానిక్ వెళ్లిపోయాడు.

తమ్ముడు వదిన వైపు తిరిగి నవ్వాడు. "ఏం పర్లేదు వదినా. కొంతమందికి ఈ స్టీరింగులూ గేర్లూ పడవంతే. నాకు ఈత రాదు, నేనేమన్నా బాధపడుతున్నానా?"

ఆమె కూడా నవ్వింది. నవ్వి, మేకుకి తగిలించిన తన తాళంచెవి తీసి భర్త చేతిలో పెట్టింది. "మీ దగ్గరే ఉంచండి. నాకొద్దు" అంది. లైబ్రేరియన్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా దాన్ని జేబులో వేసుకున్నాడు.

*

బుధవారం నుంచి ఆమె ఐస్ పెట్టె భుజాన వేసుకుని బస్సులో వెళ్లడం మొదలుపెట్టింది. రెండు బస్సులు మారాలి. పరగడుపున కూర్చున్న ముసలివాళ్లు ఎదురుచూసి ఎదురుచూసి లాబ్‌కి ఫోన్లు చేశారు. అదైనా సర్దుకునేదేమో. గురువారం సాయంత్రం ఆమె వచ్చి చెప్పుల్తోనే కుర్చీలో కూర్చుండిపోయింది.

"నరం దొరకలేదండీ" అంది.

"ఎవరికి?"

"మన తెలుగు మేడమ్ గారికి. రెండేళ్లుగా తీస్తున్నాను. కళ్లు మూసుకుని తియ్యగలను ఆవిడకి. రబ్బరు పట్టీ కట్టి, వేలితో తడిమి, ఇక్కడే ఉంది అనుకుని గుచ్చాను. లేదు. మళ్లీ గుచ్చాను. మూడోసారి ఆవిడే చెయ్యి లాక్కుంది. ఏమ్మా, ఒంట్లో బాగాలేదా అంది." ఆమె తన కుడి అరచేతిని తిప్పి చూసుకుంది. "బ్రేకు మీదే కాలు ఉందని ఎంత నమ్మకంగా అనుకున్నానో, సూది నరంలోనే ఉందని అంతే నమ్మకంగా అనుకున్నాను."

లైబ్రేరియన్ మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. అంతకంటే ఏమీ ఇవ్వలేకపోయాడు.

శుక్రవారం లైబ్రరీలో అతను ఒకరికి ఇవ్వాల్సిన పుస్తకం మరొకరికి ఇచ్చాడు. తిరిగొచ్చిన పుస్తకాల్లో ఒకదాని నిండా ఎవరో ఎర్రగీతలు గీశారు. మామూలుగా అయితే ఆ పాఠకుణ్ణి పిలిచి నలుగురిలో కడిగేసేవాడు. ఆవేళ రబ్బరు తీసుకుని, మాట్లాడకుండా, ఒక్కో గీతే చెరుపుతూ కూర్చున్నాడు. ఇంట్లో తన పుస్తకం అలమరా వెనక్కి తోసి పెట్టిన సంగతి అతనికి గుర్తుంది.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో చప్పుడు లేదు. తొంగిచూశాడు. భార్య పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా నేలమీద మూడు గిన్నె మూతలు కారు పెడళ్లలా వరసగా పెట్టుకుంది. ఎడమ కాలు ఎడమ మూత మీద, కుడి కాలు నడిమి మూత మీద. కళ్లు మూసుకుని కుడి పాదం ఎత్తి కుడి మూత మీద వేసింది. మళ్లీ ఎత్తి నడిమి మూత మీద వేసింది. కళ్లు తెరిచి చూసుకుంది. సరిగ్గానే వేసింది. మళ్లీ కళ్లు మూసుకుంది.

అతను వెనక్కి తగ్గి గుమ్మం పక్క గోడకి ఆనుకున్నాడు. ఛీ, ఏం మనిషిని నేను అనుకున్నాడు.

కాసేపటికి ఆమే ముందుగదిలోకి వచ్చింది. చేతిలో తెల్లకాగితం, పెన్ను.

"మీ దస్తూరీ బాగుంటుంది, ఒక లెటరు రాసిపెట్టండి. మా మేనేజరు గారికి" అంది. "ఇళ్లకి వెళ్లి శాంపిళ్లు తియ్యడం నా వల్ల కావడం లేదు, లోపల ట్యూబులకి చీటీలు అంటించే పని ఇప్పించండి అని."

"చీటీలు అంటించడమా? నువ్వా?"

"అక్కడైతే ఎవరికీ నొప్పి కలగదు. రాయండి."

పక్కగదిలో తల్లి మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. అతను రాశాడు. సంబోధన రాశాడు, విషయం రాశాడు. ఆమె నెమ్మదిగా చెబుతోంది.

"గత సోమవారం నా అజాగ్రత్త వల్ల మా అత్తగారికి గాయమైంది. అప్పటినుంచి నా చేతిమీద..." ఆగింది. "నా చేతిమీద నాకు నమ్మకం పోయింది. రాశారా?"

'గత సోమవారం' అని రాసి ఉంది కాగితం మీద. ఆ తరవాత పెన్ను కదల్లేదు.

"రాయండీ."

"నీ అజాగ్రత్త కాదు" అన్నాడు. "నాది. ప్యాడ్లు వేశాక పెడల్ తొక్కి గట్టిపరచాలి. నేను తొక్కలేదు. మర్చిపోయాను. నువ్వు తొక్కింది బ్రేకే. అది పట్టలేదు. నువ్వు చెప్పినట్టే, కాలి కింద ఏమీ లేనట్టు పోయి ఉంటుంది. మొదటిసారి అలాగే పోతుంది. తరవాత పట్టేస్తుంది, ఇక తెలీదు."

ఆమె అతని చేతిలోంచి పెన్ను తీసుకుని మూత పెట్టింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"సోమవారమే. కారుని పక్కకి తియ్యడానికి ఎక్కి కూర్చున్నప్పుడే."

"మెకానిక్ అడిగింది ఇదేనా?"

"ఇదే."

అతను తిట్లకి సిద్ధపడ్డాడు. ఏడుపుకీ సిద్ధపడ్డాడు. ఆమె కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి, లేచి, వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది. రాత్రి భోజనాల దగ్గర అత్తగారికి ఎప్పట్లాగే కలిపి పెట్టింది. అతని కంచంలో వడ్డించింది.

*

శనివారం పొద్దున అయిదున్నరకి ఆమె అతన్ని భుజం తట్టి లేపింది.

"లేవండి. ఆదివారం ఎలా చేశారో అలాగే చెయ్యండి. నేను చూడాలి."

అతను గోనెసంచి పరిచాడు. జాకీ ఎత్తాడు, చక్రం ఊడదీశాడు. ప్యాడ్లు తీసి, క్లాంపు పెట్టి మర తిప్పి పిస్టన్‌ని లోపలికి నెట్టాడు. రెండో పక్క కూడా అంతే. ఆమె మెట్టు మీద కూర్చుని, చేతులు మోకాళ్ల చుట్టూ వేసుకుని ఒక్కో పనీ చూసింది. ఆదివారం ఆడిన నోరు ఈసారి ఆడలేదు. గంట పట్టింది. చక్రాలు బిగించి, వాటి వెనక ఇటుకలు పెట్టి, "ఊఁ" అన్నాడు.

ఆమె డ్రైవింగ్ సీట్లో కూర్చుంది. చెప్పులు విప్పేసి కుడి పాదం పెడల్ మీద పెట్టి తొక్కింది. పెడల్ మెత్తగా, అడ్డూ ఆపూ లేకుండా, నేలదాకా పోయింది.

ఆమె పాదం తియ్యలేదు. అక్కడే నొక్కిపట్టి ఉంచింది.

"ఇదే" అంది. "ఇదేనండీ. సరిగ్గా ఇలాగే పోయింది." కళ్లనించి నీళ్లు జలజలా కారుతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. అయిదు రోజుల్లో మొదటిసారి ఆ మొహం ఆమెదిలా ఉంది. అతనికి ప్రాణం లేచివచ్చింది. తలుపు దగ్గరికెళ్లి చెయ్యి చాపాడు.

ఆమె ఆ చెయ్యి పట్టుకోలేదు.

"అయిదు రోజులు నా కాలిని నేను అనుమానించుకున్నాను. చేతిని అనుమానించుకున్నాను. మిమ్మల్ని మాత్రం ఒక్క నిమిషం కూడా అనుమానించలేదండీ" అంది. కళ్లు తుడుచుకుని దిగింది. "మళ్లీ చెయ్యండి. అత్తయ్యగారిని లేపుకొస్తాను."

అతను మళ్లీ జాకీ ఎత్తాడు.

తల్లి కట్టు చెయ్యి గుండెకి ఆనించుకుని వచ్చింది. కోడలు పట్టుకుని ఎక్కించింది. ఆవిడ జీవితంలో స్టీరింగు ముందు కూర్చోవడం అదే మొదలు. "ఏం చెయ్యాలే?" అంది భయంగా. "నడిమిది తొక్కండత్తయ్యా" అంది కోడలు. ఆవిడ తొక్కింది. కాలు జారిపోయినట్టు కిందికి పోయేసరికి "అమ్మో!" అని స్టీరింగు పట్టుకుంది.

లైబ్రేరియన్ నేలమీదే కూర్చుని, తలెత్తకుండా తల్లికి అంతా చెప్పాడు. మెకానిక్‌కి చెప్పిన అబద్ధంతో సహా చెప్పాడు.

ఆవిడ కోడలి వైపు తిరిగింది. ఎడమ చేత్తో కోడలి గడ్డం పుణికి, "కంగారు పడ్డావని నీకు నేను సర్దిచెప్పానే తల్లీ. నీ ఎదురుగానే కూర్చుని సర్దిచెప్పానే" అని ఏడ్చింది. ఇద్దరూ కలిసి లోపలికి వెళ్లారు. అతను షెడ్డులో ఒక్కడే మిగిలాడు.

తొమ్మిదవుతుండగా భార్య ఐస్ పెట్టె భుజాన వేసుకుని బయటికొచ్చింది.

"కారులో దింపనా?" అన్నాడు.

"బస్సులో వెళతాను. పరగడుపువి ఇవాళ ఇంకొకరికి అప్పగించాను. మేడమ్ గారి శాంపిల్ మాత్రం మళ్లీ తియ్యాలి, నన్నే రమ్మన్నారు." గేటు దగ్గర ఆగింది. "సాయంత్రం ఆ షెడ్డు ఆయన్ని పిలిపించండి. ఆయన చూసి సరే అంటే సోమవారం నుంచి నేనే నడుపుతాను. ఇక ఈ బండి పని ఆయనే చేస్తాడు."

అతను సరేనన్నాడు. తమ్ముడికి చెప్పమని గానీ, వీధిలో చెప్పమని గానీ ఆమె అడగలేదు. వెనక్కి తిరిగి చూడకుండా సందు మలుపు తిరిగిపోయింది.

అతను స్పానర్లు తుడిచి పెట్టెలో సర్దుకుంటుంటే పోస్టుమాన్ గారు పాల ప్యాకెట్లు పట్టుకుని వస్తూ గేటు దగ్గర ఆగాడు.

"ఏమండోయ్, మళ్లీ విప్పారా? మీకు విసుగే లేదండీ!" అన్నాడు. గొంతు తగ్గించి, "అవునూ, మీ ఆవిడ బస్సులోనే వెళుతున్నట్టుంది. మంచిపని చేశారు. అందరికీ అబ్బే విద్య కాదది" అన్నాడు.

ఊఁ అని ఊరుకుంటే అయిపోయేది. ఇంట్లో చెప్పాల్సినవాళ్లకి చెప్పేశాడు. అడిగేవాళ్లు ఎవరూ లేరు. గేటు అవతల పోస్టుమాన్ గారు అప్పుడే వెళ్లడానికి తిరిగాడు కూడా.

లైబ్రేరియన్ పెట్టెలోంచి స్పానరు మళ్లీ బయటికి తీశాడు. గోనెసంచి మీద కూర్చుని, ముందు చక్రం మొదటి నట్టుకి తగిలించాడు.

"కాసేపు ఆగండి" అన్నాడు. "పని అవగానే ఆ సీట్లో కూర్చుని మీరొకసారి బ్రేకు తొక్కాలి. మొన్న మా ఆవిడ తొక్కింది బ్రేకేనండీ. తప్పు నాది. తమరు వీధంతా చెప్పాలి."